మచ్చిక చేసే విద్య

లాస్ ఏంజెలిస్ నగరానికి చేరువగా, కొండల అడుగున, ఫ్లింట్‌రిడ్జ్ రైడింగ్ క్లబ్ అనే అశ్వశిక్షణాలయం ఉంది. జిమ్మీ విలియమ్స్ అనే శిక్షకుడు అక్కడ దశాబ్దాల పాటు ఏకచ్ఛత్రంగా ఏలాడు. ఆయన చేతి కింద తయారైనవారు ఒలింపిక్ క్రీడలకు వెళ్ళారు. ఆయన 1993లో మరణించాడు. అమెరికా అశ్వక్రీడా సమాఖ్య జీవితకాల సేవకు ఇచ్చే పురస్కారం చాలాకాలం ఆయన పేరుతోనే నడిచింది.

పావు శతాబ్దం గడిచాక, 2018లో, ఆన్ కర్సిన్‌స్కీ అనే ప్రసిద్ధ అశ్వారోహిణి ‘న్యూయార్క్ టైమ్స్’ పత్రికతో మాట్లాడింది. 1988లో సియోల్‌లోనూ, 1996లో అట్లాంటాలోనూ రజత పతకాలు గెలిచిన అమెరికా జట్లలో ఆమె సభ్యురాలు. పదకొండేళ్ళ ప్రాయం నుంచే ఆ శిక్షకుడు తనపై లైంగికంగా అత్యాచారం జరిపాడని ఆమె వెల్లడించింది. ఆమెతో మరికొందరు స్త్రీలు గొంతు కలిపారు. సమాఖ్య ఆ సంవత్సరమే విలియమ్స్‌ను నిషేధించి, పురస్కారం నుంచి ఆయన పేరు తొలగించింది.

చనిపోయినవాణ్ణి నిషేధించి ఏం లాభమని ఎవరైనా అడగవచ్చు. ఆ మనిషికి సంబంధించినంత వరకు లాభం లేదు. కాని అన్ని దశాబ్దాలు ఆ పురస్కారాన్ని చూస్తూ మౌనంగా ఉండవలసి వచ్చిన స్త్రీలకు అది చిన్న విషయం కాదు. వారి మాట నమ్మదగినదని క్రీడాలోకం అధికారికంగా ఒప్పుకోవడం అదే మొదలు.

ఇటువంటి నేరాలు అన్ని క్రీడల్లోనూ జరుగుతున్నవే. అయినా గుర్రపుశాలకు తనవైన కొన్ని పరిస్థితులు ఉన్నాయి. స్వారీ నేర్పడంలో శిక్షకుడి చేయి శిష్యుని శరీరాన్ని తాకక తప్పదు. కాలు రికాబులో ఎలా ఉండాలో, నడుము జీనుమీద ఎలా నిలవాలో పట్టుకుని సరిచేస్తేనే తెలుస్తుంది. అవసరమైన స్పర్శకూ అనవసరమైన స్పర్శకూ మధ్య గీత ఎక్కడున్నదో పన్నెండేళ్ళ పిల్లకు ఎవరు చెప్పాలి? చెప్పవలసిన శిక్షకుడే ఆ గీత దాటితే ఆ పిల్ల ఎవరిని అడగాలి? పైగా ఈ విద్య తెల్లవారుజామున, ఊరికి దూరంగా, శాలల నడుమ సాగుతుంది. పోటీల కాలం వస్తే వారాల తరబడి ప్రయాణాలు. ఒకే వాహనం, ఒకే బస.

డబ్బు సంగతి కూడా ఉంది. మంచి గుర్రం ఖరీదు సామాన్య కుటుంబానికి అందేది కాదు. ఏ గుర్రాన్ని కొనాలి, ఎవరి గుర్రాన్ని ఎవరు ఎక్కాలి, ఎవరిని ఏ పోటీకి పంపాలి అన్నవన్నీ శిక్షకుడు నిర్ణయిస్తాడు. సొంత గుర్రం లేని పిల్లలు శాలలో పనిచేసి, దాణా పెట్టి, పేడ ఎత్తి, బదులుగా స్వారీ నేర్చుకుంటారు. అటువంటి పిల్లలు శిక్షకుడి మాట కాదంటే పోయేది ఒక పాఠం కాదు, ప్రాణంగా చూసుకునే గుర్రం. ఈ భయాన్ని బయటివారు అంత సులభంగా గ్రహించలేరు. తల్లిదండ్రులు సైతం ఇంత పేరున్న మనిషి తమ బిడ్డను చేరదీశాడని మురిసిపోతారే గాని, ఎందుకు చేరదీశాడని ప్రశ్నించరు.

ఇక్కడ భాషకు సంబంధించిన ఒక విచిత్రం ఉంది. గుర్రాన్ని తోమి, దువ్వి, మాలీషు చేయడాన్ని ఇంగ్లీషులో గ్రూమింగ్ అంటారు. పసివారికి కానుకలిచ్చి, పొగిడి, రహస్యాలు పంచుకుని, క్రమంగా లొంగదీసుకునే దుష్టపద్ధతికి కూడా నేడు ఆ మాటే వాడుతున్నారు. తెలుగులో దీనికి సరైన మాట లేదని కొందరు అనువాదకులు పారిభాషిక పదాలు అల్లుతుంటారు. అంత శ్రమ అక్కరలేదు. మచ్చిక చేసుకోవడం అన్న మాట మనకు ఎప్పటినుంచో ఉంది; అది కూడా పశువుల దగ్గర నుంచే వచ్చింది. పొగరుబోతు గుర్రాన్ని బెల్లంముక్కతో దగ్గరకు తీసి, చివరకు కళ్ళెం తొడిగే పద్ధతి తెలిసినవారికి మిగతాది వివరించనవసరం లేదు.

అమెరికాలో ఈ విషయం చట్టం దాకా వెళ్ళడానికి కారణం అశ్వక్రీడ కాదు, జిమ్నాస్టిక్స్. ఆ జట్టు వైద్యుడు లారీ నాసర్‌కు 2018 జనవరిలో మిచిగన్ న్యాయస్థానం 40 నుంచి 175 సంవత్సరాల కారాగారం విధించింది. శిక్షకు ముందు నూరుమందికి పైగా బాధితులు అతని ఎదుటనే తమ కథ చెప్పారు. మరునెలలోనే బాల క్రీడాకారుల రక్షణకు కొత్త శాసనం వచ్చింది. 2017లో ప్రారంభమైన సేఫ్‌స్పోర్ట్ కేంద్రానికి ఆ శాసనం అధికారం ఇచ్చింది. విచారణ క్రీడా సమాఖ్యల చేతుల్లోంచి ఆ విధంగా స్వతంత్ర సంస్థకు మారింది. తమ పతకాలు తెచ్చిపెట్టే శిక్షకుణ్ణి తామే విచారించే సమాఖ్య ఏపాటి న్యాయం చేస్తుందో ఊహించడం కష్టం కాదు.

2019లో అమల్లోకి వచ్చిన నియమాల్లో ఒకటి ప్రత్యేకంగా గమనించదగింది. పెద్దలు ఎవరైనా మైనరుతో ఒంటరిగా ఉండవలసి వస్తే, ఆ చోటు ఇతరుల కంటికి కనిపించేదిగా, ఎవరైనా మధ్యలో వచ్చి పలకరించగలిగేదిగా ఉండాలి. శిక్షకుడు పిల్లలకు పంపే సందేశం తల్లిదండ్రులకు కూడా చేరాలి. బసలోనూ, ప్రయాణంలోనూ ఇటువంటి కట్టుబాట్లే. నేరం జరిగిన తర్వాత దండించడం కంటే, జరగడానికి తావు లేకుండా చేయడం ఈ నియమాల ఉద్దేశం. మంచి శిక్షకునికి వీటివల్ల నష్టం లేదు. పైగా అపనింద నుంచి రక్షణ కూడా లభిస్తుంది.

అయినా అందరూ హర్షించలేదు. 2019 ఆగస్టులో జార్జ్ మోరిస్‌ను ఆ కేంద్రం శాశ్వతంగా నిషేధించింది. ఆయన 1960 రోమ్ ఒలింపిక్స్ రజత విజేత. 2008లో బీజింగ్‌లో స్వర్ణం గెలిచిన అమెరికా జట్టుకు సారథ్యం వహించిన గురువు. ఆరోపణలు 1968, 1972 మధ్య కాలానికి చెందినవి. ఆయన వాటిని ఖండించాడు. మధ్యవర్తుల ముందు అప్పీలు చేయగా, నవంబరులో నిషేధమే ఖాయమయింది. ఇది క్రీడా సంస్థ నిర్ణయమే గాని న్యాయస్థానం తీర్పు కాదు. శిష్యులు అనేకులు ఆయన పక్షాన నిలిచారు. యాభై ఏళ్ళనాటి ఆరోపణలను ఎలా నిరూపిస్తారని, నిందితునికి తగిన అవకాశం ఏదని ప్రశ్నించారు. విచారణ న్యాయంగా జరగాలన్నది సమంజసమైన కోరికే. కాని ఆయన తమను ఎంతో బాగా చూశాడన్న సాక్ష్యం మరొకరిని ఎలా చూశాడో చెప్పలేదు. యాభై ఏళ్ళు ఎందుకు ఊరుకున్నారన్న ప్రశ్నకు సమాధానం కూడా గుర్రపుశాలలోనే ఉంది: చెప్పుకోవలసిన పెద్దలందరూ ఆ గురువుకు నమస్కరించేవారే.

బ్రిటన్‌లో మరో లోపం బయటపడింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో పదహారు, పదిహేడేళ్ళ విద్యార్థితో ఉపాధ్యాయుడు లైంగిక సంబంధం పెట్టుకుంటే చిరకాలంగా నేరమే. క్రీడా శిక్షకుడికి మాత్రం ఆ నిబంధన వర్తించేది కాదు. 2022లో గాని చట్టం ఆ సందు మూయలేదు.

భారతదేశంలో అశ్వక్రీడ చిరకాలం సైన్యం, పోలీసు శాఖల నీడలో పెరిగింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం గెలిచింది; 1982 ఢిల్లీ తర్వాత ఈ క్రీడలో మనకు దక్కిన మొదటి స్వర్ణం అది. ఆ జట్టులోని యువతీయువకులు శిక్షణ కోసం ఐరోపా వెళ్ళి, ఇంటికి దూరంగా ఏళ్ళు గడిపారు. ఇకముందు ఆ దారి పట్టే పిల్లలు పెరుగుతారు. వారు ఎవరి కప్పు కింద ఉంటారు, రాత్రి ఫోను చేయవలసివస్తే ఎవరికి చేస్తారు అన్న ప్రశ్నలు గుర్రం ఖరీదు కంటే ముందు అడగదగినవి.

మన దేశానికి ఈ అనుభవం కొత్త కాదు. 1990లో హర్యానాలో పద్నాలుగేళ్ళ టెన్నిస్ క్రీడాకారిణిపై క్రీడాసంఘం అధ్యక్షుడే అసభ్యంగా ప్రవర్తించాడు. ఆయన పోలీసు ఉన్నతాధికారి. ఆ బాలిక 1993లో ఆత్మహత్య చేసుకుంది. తీర్పు వచ్చింది 2009లో. 2022లో స్లొవేనియా వెళ్ళిన ఒక సైక్లింగ్ క్రీడాకారిణి, ఒకే గదిలో ఉండాలని శిక్షకుడు ఒత్తిడి చేశాడని ఫిర్యాదు చేసింది. శిక్షకుని ఒప్పందం రద్దయింది. ఆ తర్వాతనే, మహిళలున్న ప్రతి జట్టు వెంట మహిళా శిక్షకురాలు ఉండాలని భారత క్రీడా ప్రాధికార సంస్థ ఆదేశించింది.

చట్టం మాత్రం అంతకు పదేళ్ళ ముందే ఉంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండనివారందరూ బాలలే. వారి విశ్వాసాన్ని చూరగొన్న స్థానంలో ఉండి నేరం చేస్తే శిక్ష మరింత కఠినం. నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలిపి తీరాలి. తెలిసీ తెలపనివారికి ఆరు నెలల వరకు, సంస్థ బాధ్యత వహించే వ్యక్తి తన కింది ఉద్యోగి నేరాన్ని దాచితే ఏడాది వరకు కారాగారం విధించవచ్చు. క్లబ్బు పరువు కోసం ఊరుకున్నామన్న మాట అక్కడ చెల్లదు.