హారన్ మోగట్లేదా? ముందు హారన్‌ని వదిలెయ్యండి

పాత అంబాసిడర్‌లో హారన్ మోగకపోతే మన దగ్గర జరిగే వైద్యం ఒకటే. మెకానిక్ బానెట్ ఎత్తుతాడు, స్క్రూడ్రైవర్‌తో హారన్ మీద రెండు దెబ్బలేస్తాడు, "పోయింది సార్, కొత్తది వేసేద్దాం" అంటాడు. కొత్తదీ మోగదు. అప్పుడు రిలే మారుస్తాడు. అదీ కుదరకపోతే డాష్‌బోర్డు కింద ఇంటి కాలింగ్ బెల్ స్విచ్చొకటి బిగించి, రెండు వైర్లు లాగి పంపించేస్తాడు. స్టీరింగ్ మధ్యలో బటన్ ఇక అలంకారానికే :)

దీన్ని రిపేరు అనడానికి నేనొప్పుకోను. లాగ్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చేసి "ఫిక్స్ అయింది" అని మెయిల్ కొట్టడానికీ దీనికీ తేడా ఏంటి?

ఇదేమన్నా బ్రహ్మవిద్యా? బ్యాటరీ, ఫ్యూజు, హారన్, బటన్, బాడీ. అంతే. పాత బళ్ళలో చాలావాటిలో కరెంటు ఎప్పుడూ హారన్ దగ్గరే కాచుక్కూర్చుంటుంది. బటన్ నొక్కితే రెండో వైరు ఎర్తుకి, అంటే బాడీకి, కలుస్తుంది. కాబట్టి ఒక చిన్న బల్బు, మూరెడు వైరు చాలు. బల్బు ఒక కొస బాడీకి, ఇంకో కొస హారన్‌కి కరెంటొచ్చే టెర్మినల్‌కి పెట్టండి. వెలిగిందా, ఫ్యూజు వైపు అంతా బానే ఉంది. ఇప్పుడు హారన్ రెండో టెర్మినల్‌ని వైరుతో బాడీకి తాకించండి. మోగిందా, హారన్ నిక్షేపంలా ఉంది, గొడవంతా బటన్ వైపే. మన భాషలో బైనరీ సెర్చ్. (రిలే ఉంటే ఇంకో మెట్టు ఎక్కువ, అంతే.)

ఇక్కడ ఇంజనీరింగ్ చదివినవాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. బల్బు నామోషీ అనుకుని డిజిటల్ మల్టీమీటర్ తీస్తారు. "12 వోల్టులు వస్తోంది, వైరింగ్ ఓకే" అని తీర్పిచ్చేస్తారు. మీటర్ లాగే కరెంటు దాదాపు సున్నా అండీ. తుప్పు పట్టి ఒక్క పోగు మిగిలిన వైరు కూడా దానికి 12 చూపిస్తుంది. అదే దారిలో 5 ఆంపియర్లు పోవాలంటే, 1 ఓమ్ తుప్పు ఉన్నా 5 వోల్టులు అక్కడే ఖర్చు. ఒక్క యూజర్‌తో టెస్ట్ చేసి ప్రొడక్షన్‌కి పంపినట్టు! మీటరే వాడతానంటే, బటన్ నొక్కి పట్టుకుని, హారన్ రెండు టెర్మినళ్ళ మధ్య కొలవండి.

ఇంకో తమాషా. స్టీరింగ్ తిప్పితే చాలు హారన్ దానంతటదే మోగుతోందా? ఫ్యూజు మాత్రం పోదు. ఎందుకంటే బటన్ వైరు ఒరుసుకుపోయి బాడీకి తగులుతోంది. కరెంటు హారన్ కాయిల్ దాటుకునే వస్తోంది కాబట్టి ఫ్యూజుకది మామూలు లోడే. దీనికి కూడా కొత్త హారన్ వేసి బిల్లు రాసేవాళ్ళున్నారు.

అయితే తప్పంతా మెకానిక్‌దేనా? కాదు, మనదే ఎక్కువ. కొత్త హారన్‌కి ఎంతడిగితే అంత ఇస్తాం. అరగంట కష్టపడి తుప్పు పట్టిన ఎర్తు బోల్టు కనిపెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది బాగుచేస్తే మాత్రం "ఏం మార్చావని అంత?" అని బేరమాడతాం. బగ్ వెతికిన గంటలన్నీ టైంషీట్‌లో రాసుకుని క్లయింట్ దగ్గర డాలర్లు వసూలు చేసే మనం! వెతకడానికి డబ్బులివ్వనప్పుడు వాడు పార్టులే అమ్ముకుంటాడు.

ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇవాళ కోసేసిన వైరింగ్‌ని మళ్ళీ మొదట్లో ఉన్నట్టు కట్టాలంటే ఆ పని తెలిసిన ఎలక్ట్రీషియన్ కోసం ఊరంతా తిరగాలి. హారన్ పోయిందని ప్రెజర్ హారన్ పెట్టించుకునే మహానుభావులకైతే 1989 మోటారు వాహనాల రూల్స్‌లో 119వ రూల్ ఉంది, చదువుకోండి.

అన్నిటికంటే ఒళ్ళు మండేది ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టేవాళ్ళని చూస్తే. ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే ఎక్కడో కరెంటు వైరే బాడీకి తగులుతోందని. తీగ చుడితే ఈసారి కాలేది ఫ్యూజు కాదు, డాష్‌బోర్డు వెనక వైర్ల కట్ట. మీ బండిలో ఫ్యూజు బాక్సు మూత ఒకసారి తీసి చూసుకోండి.