సన్నబడిన కుళాయి ధార: లోపం సరఫరాలోనా, ఇంటి గొట్టంలోనా?

నరసరావుపేట: పల్నాడు జిల్లా కొండవీడు దుర్గంపై రెడ్డిరాజుల నాటి ముత్యాలమ్మ, పుట్టలమ్మ, వెదుళ్ల చెరువులు నేటికీ నిలిచి ఉన్నాయి. పై చెరువు నిండిన పిదప మిగులు నీరు దిగువ చెరువుకు చేరే విధంగా వీటిని అనుసంధానించారు. నీరు నిలకడగా ఉన్నచోట ఒండ్రు అడుగుకు దిగుతుంది, ఎత్తు నుండి దిగే నీటికి ఒత్తిడి లభిస్తుంది. కొండ దిగువన ఉన్న ఇళ్లలోని కుళాయిలకు కూడా వర్తించే సూత్రాలివే.

2019 ఆగస్టు 15న ప్రకటించబడిన జలజీవన్ మిషన్ ప్రతి గ్రామీణ వ్యక్తికి రోజుకు 55 లీటర్ల నీటిని లక్ష్యంగా నిర్దేశించింది. అయితే కుళాయి అమర్చినంత మాత్రాన ధార నిలవదు. పది మీటర్ల ఎత్తు గల నీటి వలన చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి కలుగుతుంది. డాబాపై ఉంచిన ట్యాంకు కుళాయి కంటె మూడు మీటర్ల ఎత్తున ఉన్నట్లయితే లభించేది అందులో మూడో వంతు కూడా కాదు. ఇంత స్వల్ప ఒత్తిడి వద్ద గొట్టంలో కొద్దిపాటి మడ్డి చేరినా ధార సన్నబడుతుంది. నీటి పరిమాణం మారకుండా గొట్టం లోపలి వ్యాసం సగానికి తగ్గినచో ఒత్తిడి నష్టం సుమారు 32 రెట్లు పెరుగుతుంది.

కావున ఫిర్యాదుకు ముందు లోపం ఉన్న స్థానాన్ని గుర్తించుట అవసరం. ఒక్క కుళాయిలోనే ధార తగ్గినచో దాని మూతిలోని జల్లెడను విప్పి శుభ్రపరచిన సరిపోతుంది. వేడినీటి కుళాయి మాత్రమే మందగించినచో గీజరులో సున్నపు పొర పేరుకొని ఉండవచ్చు. ఇంటిలోని అన్ని కుళాయిలూ మందగించినచో, ట్యాంకుకు ముందు వీధి గొట్టానికి సమీపంలోని కుళాయిని సరఫరా వేళలో తెరచి చూడవలెను. అక్కడ ధార బలంగా ఉంటే లోపం ఇంటిదే. గేట్ వాల్వు సగమే తెరచుకొని ఉండుట, ట్యాంకు అడుగున మడ్డి చేరుట ఇందుకు సాధారణ కారణాలు. అక్కడా, ఇరుగుపొరుగు ఇళ్లలోనూ ధార లేనిచో అది పంచాయతీ సరిచేయవలసిన విషయం.

మడ్డి రంగు కూడా కారణాన్ని సూచిస్తుంది. తెల్లని పొర నీటి కాఠిన్యానికి, ఎర్రని తుక్కు పాత ఇనుప గొట్టాల తుప్పుకు, ఇసుక బోరుకు సంకేతాలు. పిడుగురాళ్ల, గురజాల, మాచర్ల పరిసరాల సున్నపురాతి నేలలలో తెల్లపొర ఎక్కువ. భారతీయ ప్రమాణాల ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఆమోదయోగ్యం. ప్రత్యామ్నాయం లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు.

ధార సరిపోక కొందరు వీధి గొట్టానికే నేరుగా మోటారు బిగిస్తున్నారు. ఇది అన్నిటికంటె ప్రమాదకరం. మోటారు లాగినపుడు గొట్టంలో ఒత్తిడి పడిపోయి, అతుకుల వద్ద మురుగు లోనికి ప్రవేశించగలదు. చివరి ఇళ్లకు చుక్క అందదు, అందినదీ కలుషితమే. కుళాయి నీటిలో మురుగు కలిసినచో పరిణామమేమిటో 2018 మార్చిలో గుంటూరు పాతనగరంలో అతిసారం ప్రబలి పలువురు మరణించినపుడు స్పష్టమైంది.

సరఫరా పునఃప్రారంభమైన తొలి నిమిషాలలో వచ్చే బురద నీటిని మొక్కలకు వదలి, తేరిన పిదపనే ట్యాంకుకు మళ్లించుట మేలు. ఫిర్యాదులో నీరు వచ్చిన వేళ, రంగు, ఇరుగుపొరుగు స్థితి నమోదైనచో, వీధి చివరి వాష్ అవుట్ వాల్వు తెరవవలెనో, అతుకు తవ్వవలెనో క్షేత్ర సిబ్బంది సులభంగా నిర్ణయించగలుగుతారు.