మనం 'తదితరులం' కాదు

పేపర్లో సభ ఫొటో వేస్తారు. కింద నలుగురు పెద్దమనుషుల పేర్లు రాస్తారు. చివర 'తదితరులు' అని పెట్టి చేతులు దులుపుకుంటారు. యెవరీ తదితరులు? డప్పు కొట్టినోడు తదితరుడు. జెండా మోసినామె తదితరురాలు. బిడ్డను చంకనేసుకుని వూళ్లు దాటి నడిచొచ్చిన కూలితల్లి తదితరురాలు. దాడిలో తల పగిలి, నెత్తికి గుడ్డ కట్టుకుని నిలబడ్డ ముసలాయన తదితరుడు. కాగితాల్లో మన తాతల పేర్లకు 'గాడు' తగిలించిన చెయ్యే ఫొటోల కింద మనల్ని తదితరుల్ని చేసింది. యిది పాత సంగతి.

కొత్త సంగతేమంటే, యిప్పుడు ఆ పని మనకు మనమే చేసుకుంటున్నాం.

వాడల నుంచీ, సంఘాల నుంచీ పత్రికకు వచ్చిన ఫొటోలన్నీ వొక హార్డ్ డిస్కులో వేసి పెట్టాం. మొన్న కారంచేడు అమరుల సంస్మరణకు వొక పాత ఫొటో కావాల్సొచ్చి తెరిచాం. 'న్యూ ఫోల్డర్'. దాంట్లో యింకో 'న్యూ ఫోల్డర్'. వెతగ్గా వెతగ్గా చీరాల శిబిరం ఫొటో దొరికింది. తేదీ చూస్తే 2019 అని వుంది. 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపితే, వూరొదిలి చీరాల వచ్చి కూర్చున్న జనం 2019లో కూర్చున్నారట! ఫొటోను స్కాన్ చేసిన రోజునే కంప్యూటరు ఫొటో తీసిన రోజు అనుకుంది. ఆ ఫొటోలో ముందు వరస నిండా ఆడోళ్లే. వొక్కరి పేరు కూడా మా దగ్గర లేదు. ఫొటో యిచ్చిన పెద్దాయన్ని అడుగుదామంటే ఆయన కాలం చేశాడు. తప్పు మాదే. సిగ్గుపడుతూనే యీ సంపాదకీయం రాస్తున్నాం.

పాత రోజుల్లో ఫొటో వెనక పెన్సిలుతో వూరు, తేదీ, పేర్లు రాసేవాళ్లు. డిజిటల్ ఫొటోకు వెనక వైపు లేదు. ఆ రాతంతా ఫైలు లోపలే వుంటుంది. దాన్నే మెటాడేటా అంటారు. కెమెరాగానీ ఫోనుగానీ తనంతట తాను రాసేది కొంత వుంటుంది. యే రోజు, యెన్ని గంటలకు, యే కెమెరాతో తీశారు, లొకేషన్ ఆన్ చేసుంటే యే చోట తీశారు అన్నది. దీనికి ఎగ్జిఫ్ అని పేరు. మనిషి రాసేది యింకొంత. యెవరున్నారు, యేం జరుగుతోంది, యెవరు తీశారు అన్నది. దీనికోసం వార్తాసంస్థలు పెట్టుకున్న పద్ధతి ఐపిటిసి. మొదటిది యంత్రం సాక్ష్యం. రెండోది మన సాక్ష్యం. మొదటిదాన్ని నమ్ముకుని రెండోదాన్ని వదిలేశాం. అక్కడే దెబ్బతిన్నాం.

యంత్రం తేదీ అబద్ధమాడుతుంది. స్కాన్ చేసిన ఫొటో సంగతి చూశాం. బ్యాటరీ అయిపోయిన కెమెరా గడియారం వెనక్కి పోయి, కంపెనీ ముందే పెట్టిన యేదో పాత తేదీ చూపించొచ్చు. వాట్సాప్ లో మామూలుగా పంపిన ఫొటోకు లోపలి తేదీ, చోటు రెండూ పోతాయి. ఫొటో కూడా చిన్నదైపోతుంది. ఫైలు పేరులో వుండే తేదీ ఫొటో తీసిన రోజు కాదు, మన ఫోనుకు చేరిన రోజు. దాడి జరిగిన రాత్రి తీసిన ఫొటో వారం తర్వాత చేతులు మారి వస్తే, వారం తర్వాతి తేదీతోనే వస్తుంది. అందుకే వాడల్లోని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మళ్లీ మళ్లీ చెబుతున్నాం. ఫొటోను 'డాక్యుమెంటు'గా పంపండి. తీసిన ఫోనులోని అసలుదాన్ని చెరపకండి.

యిదంతా యెందుకు, ఫొటోలతో న్యాయం జరుగుద్దా అని అడిగేవాళ్లుంటారు. చుండూరు గుర్తు చేసుకోండి. 1991 ఆగస్టు 6న యెనిమిది మంది దళితుల్ని వేటాడి చంపారు. వూళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకునేదాకా పోరాడాం. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చంపిన సమయం, చంపిన చోటు, చంపిన మనుషులు, వీటిని ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేకపోయిందంది. వొక్క ఫొటో వుంటే తీర్పు మారేదని మేం అనడం లేదు. కళ్లారా చూసినోళ్ల మాటే చెల్లని చోట ఫొటో మాట యెంత చెల్లుద్దో మనకు తెలుసు. కానీ యెప్పుడు, యెక్కడ, యెవరు అనే మూడు ప్రశ్నలు మనల్ని వదిలిపెట్టవు. ఫొటోకు రాసుకోవాల్సినవీ యీ మూడే.

చట్టం కూడా మారింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం డిజిటల్ ఫొటోను కోర్టులో పెట్టాలంటే దానికి సర్టిఫికెట్ జత చెయ్యాలి. అందులో 'హ్యాష్' అనే సంకేతం రాయాలి. అది ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఫైల్లో వొక్క అక్షరం మారినా వేలిముద్ర మారిపోద్ది. కాబట్టి దాడుల ఫొటోల విషయంలో అసలు ఫైలును ముట్టుకోవద్దు. అట్లాగే దాచండి. దానికి నకలు తీసి, పేర్లు, ట్యాగులు ఆ నకలుకు రాయండి.

'యింత తిప్పలెందుకు, ఫోనే మనుషుల్ని గుర్తుపట్టి వేరు చేస్తోంది కదా' అంటున్నారు మన కుర్రాళ్లు. నిజమే, చేస్తోంది. యెట్లా చేస్తోందో కూడా తెలుసుకోవాలి. 2015లో గూగుల్ ఫొటోస్ యిద్దరు నల్లజాతి మనుషుల ఫొటోలకు తనంతట తాను 'గొరిల్లాలు' అని ట్యాగ్ పెట్టింది. కంపెనీ క్షమాపణ చెప్పింది. ఆ ట్యాగునే తీసేసింది. 2018లో జాయ్ బులమ్వీని, టిమ్నిట్ గెబ్రు అనే యిద్దరు నల్లజాతి పరిశోధకురాళ్లు, మొహం చూసి ఆడా మగా చెప్పే యంత్రాల్ని పరీక్షకు పెట్టారు. తెల్లని మగాళ్ల దగ్గర తప్పులు నూటికి వొకటి కూడా లేవు. నల్లని ఆడవాళ్ల దగ్గర వొక యంత్రం నూటికి 34కు పైగా తప్పు చెప్పింది. యంత్రానికి పగ లేదు. దానికి చూపించిన మొహాల్లో నల్లటోళ్లు తక్కువ. యెవరి లెక్కలో యెవరు లేరో మనకు కొత్తగా చెప్పాలా?

మొహం సరిగ్గా గుర్తుపట్టినా యంత్రం రాసేదేంది? 'గుంపు', 'విగ్రహం', 'డోలు'. శవం ముందు మోగే డప్పూ, జయంతి నాడు మోగే డప్పూ దానికి వొకటే. కూలిన గోడ కనబడుద్ది గానీ కూలగొట్టింది యెవరో కనబడదు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ జరిగితే భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించారు. పంచములన్న పేరు మాకొద్దు, యీ నేలకు మొదటి మనుషులం మేం, ఆది ఆంధ్రులం అని ఆ సభ చాటింది. ట్యాగ్ అంటే పేరు. తన పేరు తాను పెట్టుకోడానికి వందేళ్ల కిందటే కొట్లాడిన జనం, యివాళ ఆ పని కంపెనీ యంత్రానికి వదిలేస్తారా?

వదలొద్దు. అట్లాగని యంత్రాన్ని పారెయ్యమనడమూ లేదు. వొకే మొహమున్న ఫొటోలన్నీ వొకచోట కుప్ప పెట్టే పని అది మనకంటే తొందరగా చేస్తుంది. చెయ్యనీండి. డిజికామ్ లాంటి వుచిత సాఫ్ట్ వేర్ మన కంప్యూటరులోనే ఆ పని చేస్తుంది, ఫొటో బయటికి పోదు. కుప్పకు పేరు మాత్రం మనం పెట్టాలి, సరిచూడాలి. ఆ పేరు ఫైలు లోపలికి ఎక్కేట్టు సెట్టింగు పెట్టుకోవాలి. ఫోను యాప్ లో మొహాలకు పెట్టిన పేర్లు కంపెనీ దగ్గరే వుంటాయి, ఫొటోతోపాటు రావు. అదే గూగుల్, పికాసాను 2016లో ఆపేసింది. ఫొటోలు యెన్నైనా వుచితంగా దాస్తానన్న మాటను 2021 జూన్ 1 నుంచి వెనక్కి తీసుకుంది. పరాయి పంచన దాచిన చరిత్ర యిట్లాగే వుంటుంది.

ఫైలు పేరు సంవత్సరంతో మొదలుపెట్టండి, తర్వాత నెల, తేదీ, వూరు. అప్పుడు ఫొటోలు వాటంతటవే వరస కడతాయి. తేదీ తెలియకపోతే కల్పించొద్దు, 'సుమారు 1986' అని రాయండి. తెలుగు యూనికోడ్ లో కొట్టండి. మన డిటిపి వాళ్లు అను ఫాంట్లలో కొట్టింది అక్కడ పెడితే చదవరాని గీతలవుతుంది. చుండూరును ఇంగ్లీషు అక్షరాల్లో వొకరొక రకంగా రాస్తే వెతికినప్పుడు సగం ఫొటోలు దొరకవు. వూరి పేరుకు వొకే రాత ఖాయం చేసుకోండి. పాత ప్రింటు వుంటే దాని వెనక వైపు కూడా స్కాన్ చెయ్యండి, స్టూడియో ముద్ర వుంటే వూరు తెలుస్తుంది. నకళ్లు మూడు పెట్టండి, వొకటి వేరే వూళ్లో.

మాటలు జాగ్రత్త. పేపరు 'రెండు వర్గాల ఘర్షణ' అని రాసుంటే ఆ కటింగును అట్లాగే దాచండి, అదీ సాక్ష్యమే. మన ట్యాగులో మాత్రం 'దాడి' అని రాయండి. 1994 జూలై 7న ఈదుముడిలో పుట్టిన దండోరా మనకొక పాఠం చెప్పింది. 'దళితులు' అనే వొక్క మాట కింద కూడా కొందరు తదితరులైపోతారు. మాల, మాదిగ, రెల్లి, డక్కలి, యెవరి పేరు వాళ్లకు వుండాలి. వేదిక మీదోళ్ల పేర్లు రాసి, కింద కూర్చున్న ఆడవాళ్లను 'మహిళలు' అని తేల్చేస్తే మనకూ ఆ పేపరోడికీ తేడా యేముంది?

యింకొకటి మరవొద్దు. పేరు మనకు అండ అయినట్టే, శత్రువు చేతిలో గురి కూడా అవుద్ది. తెలంగాణ పోలీసులు 2018లోనే మొహాలు పోల్చే యంత్రం తెచ్చుకున్నారు. ఫొటో లోపలి లొకేషన్ సాక్షి యింటికి దారి చూపిస్తుంది. కాబట్టి రెండు సెట్లు పెట్టండి. పేర్లు, చోట్లు అన్నీ వున్నది మన దగ్గర. బయటికి పంపేది వేరే, అందులో సాక్షుల పేర్లు, లొకేషన్ తీసేసి. అత్యాచారానికి గురైన ఆడబిడ్డల గుర్తులు యెక్కడా బయటపెట్టొద్దు, చట్టం కూడా వొప్పుకోదు. అసలు యెవరి పేరైనా వాళ్లనడిగే రాయండి.

యీ పని కంప్యూటరు నేర్చిన కుర్రాడొక్కడితో అయ్యేది కాదు. ఆదివారం పూట అంబేద్కర్ భవనంలోనో, చర్చి అరుగు మీదనో ల్యాప్ టాప్ పెట్టండి. చీరాల శిబిరంలో వున్న అవ్వల్ని, చుండూరు కోర్టులో సాక్ష్యం చెప్పిన అన్నల్ని పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టండి. వొక్కో ఫొటో చూపించి 'యీమె యెవరవ్వా?' అని అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు కొట్టండి. చెప్పినోళ్ల పేరు కూడా రాయండి. కారంచేడు నాటికి యిరవై యేళ్లున్న మనిషికి యిప్పుడు అరవై దాటింది. మన మెటాడేటా అంతా ఆ ముసలి తలకాయల్లో వుంది. దానికి నకలు లేదు.

మా హార్డ్ డిస్కుతో మేం మొదలుపెట్టాం. చీరాల ఫొటోకు 2019 కొట్టేసి 1985 రాశాం. ముందు వరస ఆడోళ్ల పేర్ల చోటు యింకా ఖాళీగానే వుంది. ఆ ఫొటో యీ సంచిక అట్ట మీద వేస్తున్నాం. గుర్తుపట్టినోళ్లు పత్రికకు కబురు పెట్టండి. ఆ పేర్లను, వాళ్లూ వాళ్ల పిల్లలూ వొప్పుకుంటే, వచ్చే సంచికలో పూర్తిగా అచ్చేస్తాం. 'తదితరులు' అన్న మాట మా పత్రికలో యిక కనబడదు.

జై భీమ్.