ముతక బట్టకు చోటేది?

2015లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 'ద ఫ్యాబ్రిక్ ఆఫ్ ఇండియా' పేరిట భారీ ప్రదర్శన ఏర్పాటు చేసింది. టిప్పు సుల్తాన్ గుడారం సైతం అందులో కొలువుదీరింది. మన పనితనానికి దక్కిన ఆ గౌరవాన్ని నేను తక్కువ చేయను. నా ప్రశ్న వేరు. మ్యూజియాల అద్దాల వెనుక కనిపించేవి చాలావరకు రాజులు కట్టినవి, దొరలు కొన్నవి, ఓడలెక్కినవి. మాలపల్లెల గుంటమగ్గాలపై నేసిన ముతక పంచెలు, దుప్పట్లు ఎక్కడ?

తెలుగునాట మాలలు తరతరాలుగా ముతక బట్ట నేసినవారు. షెడ్యూల్డ్ కులాల జాబితాలో 'మాల సాలె', 'నేతకాని' అన్న పేర్లు నేటికీ ఉన్నాయి. మగ్గం పోయినా పేరు మిగిలింది. వారు నేసిన బట్ట పాలేరు ఒంటిమీద చివికి, చివరికి పసిబిడ్డ పొత్తిగుడ్డయి అరిగిపోయింది. దాచుకునే పెట్టె ఆ ఇంట లేదు. కొని భద్రపరిచే దొర ఆ వాడకు రాలేదు. ఫ్యాషన్ వేదికలపై చేనేత మెరిసినప్పుడూ డిజైనర్ పేరే వినిపిస్తుంది, నేసిన చేయి 'సంప్రదాయం' అన్న మాటలో కలిసిపోతుంది. సంప్రదాయానికి కూలి ఇవ్వనక్కరలేదు కదా!

మన మ్యూజియాలను నేను అడిగేది ఒక్కటే. ఆ ముతక బట్ట గజం దొరికినా, నేసిన వాడ పేరుతో సహా ప్రదర్శించండి. దొరకకపోతే అద్దాల పెట్టెను ఖాళీగానే ఉంచి, ఎందుకు ఖాళీగా ఉందో దాని కింద రాయండి.