లేజరు కిరణం – కార్మికుని కన్ను

స్టేషన్ల పైకప్పులపైనా, కార్యాలయ భవనాలపైనా సౌరఫలకాలను చూడడం రైల్వే, తపాలా ఉద్యోగులకు నేడు అలవాటైన విషయమే. ఆ ఫలకాలను తయారుచేసే కార్మికుల స్థితిగతులను గురించి మాత్రం మనలో చర్చ జరగడం అరుదు. ఆ లోపాన్ని కొంతైనా తీర్చదలచాము.

సౌరఫలకాలలో ఒక రకం పలుచని పొరలతో తయారవుతుంది. పెద్ద గాజుపలకపై కాడ్మియం టెల్లురైడ్ వంటి పదార్థాన్ని కొద్ది మైక్రాన్ల మందాన పూస్తారు. పలకనంతటినీ ఒకే సెల్‌గా వదిలివేస్తే వోల్టేజి ఒక వోల్టుకు లోపుగానూ, కరెంటు అత్యధికంగానూ ఉండి, శక్తి చాలావరకు వేడిగా వృథా అవుతుంది. విద్యుత్ రైలుమార్గాలలో 25 వేల వోల్టులు వాడటానికి గల కారణమే ఇక్కడా వర్తిస్తుంది. కనుక పలకను సన్నని పట్టీలుగా విభజించి, సిగ్నల్ గదిలోని బ్యాటరీల వలె వరుసగా కలుపుతారు.

ఈ పని చేసేది లేజరు. మొదటి గీత ముందరి వాహక పొరను, రెండవది వెలుతురును గ్రహించే పొరను, మూడవది వెనుక వాహక పొరను ఛేదిస్తాయి. గీత వెడల్పు కొన్ని పదుల మైక్రాన్లు మాత్రమే. గీతలు పడిన మేర విద్యుత్తు పుట్టదు. కనుక అవి ఎంత సన్నగా, ఎంత దగ్గరగా ఉంటే ఫలకానికి అంత లాభం. లోహపు సూదితో గీస్తే మొన అరుగుతుంది, అంచులు పెచ్చులూడుతాయి. కిరణానికి ఆ బాధ లేదు.

బాధ కార్మికునికి కలుగవచ్చు. ఈ పనిలో వాడే పరారుణ కిరణం కంటికి కనిపించదు. కనుక రెప్ప మూయడానికైనా వ్యవధి ఉండదు. క్షణంలో రెటీనా శాశ్వతంగా దెబ్బతినవచ్చు. మామూలుగా యంత్రం మూతలోనే ఉంటుంది. మరమ్మతుకై మూత తెరచినప్పుడే ప్రమాదం. పొరను ఛేదించగా లేచే ధూళిలో కాడ్మియం ఉంటుంది. ఏళ్ల తరబడి శరీరంలో చేరితే అది మూత్రపిండాలను పాడుచేస్తుంది.

ఇది దూరదేశపు సమస్య కాదు. అమెరికాకు చెందిన ఫస్ట్ సోలార్ సంస్థ ఏటా 3.3 గిగావాట్ల సామర్థ్యంగల ఇట్టి కర్మాగారాన్ని 2024 జనవరిలో తమిళనాడులో ప్రారంభించింది. ఈ పరిశ్రమ మన దేశంలో ఇంకా విస్తరించవచ్చు. అది ఏ యాజమాన్యం క్రింద నడిచినా, కనీస రక్షణలు ఆరంభంలోనే స్థిరపడాలి.

కార్మికవర్గం యంత్రానికి శత్రువు కాదు. ఆవిరి ఇంజను పోయి విద్యుత్ ఇంజను వచ్చినప్పుడూ, 2013 జులైలో తంతి సేవ ముగిసినప్పుడూ పనివారు కొత్త పనులు నేర్చుకొన్నారు. మేము కోరేది న్యాయమైన షరతులు మాత్రమే. పవర్ బ్లాక్, పర్మిట్ లేనిదే పైతీగ దగ్గరకు మన సిబ్బంది ఎట్లు పోరాదో, కిరణం ఆపి, తాళపుచెవి మరమ్మతు చేయువాని చేతికి ఈయనిదే మూత తెరవరాదు. ధూళిని పుట్టినచోటనే పీల్చివేయాలి. కంటి, మూత్ర పరీక్షలు క్రమంగా జరిపి, ఫలితాలను కార్మికునికే తెలియజేయాలి. కాంట్రాక్టు కార్మికులకూ ఈ రక్షణలు సమానంగా వర్తించాలి.

ప్రభుత్వ శాఖలు ఫలకాలు కొనే టెండర్లలోనే ఈ షరతులను చేర్చాలని మేము కోరుతున్నాము. మన శాఖలలో ఈ కోరికను వినిపించవలసిన బాధ్యత మన సంఘాలదే.