లేని గూఢార్థము – వినని వాచ్యార్థము

గత మాఘమాసంలో మా దగ్గరి బంధువుల ఇంట వివాహం జరిగింది. రాత్రి విందు వేళ వధూవరులు వేదిక మీద నిలబడి ఉండగా ఒక ఆంగ్లగీతం వినిపించారు. మృదువైన గిటారు, నిదానమైన పురుషకంఠం. చెవికి హాయిగానే ఉన్నది. నా ప్రక్కన కూర్చున్న మా మనుమరాలు మాత్రం ముఖం చిట్లించి, "తాతయ్యా, ఇది పెళ్లిలో పెట్టవలసిన పాట కాదు. దీనిలో దాగిన అర్థం వేరే ఉన్నది" అన్నది.

దాగిన అర్థమన్న మాట వింటే తెలుగు పండితుడు ఊరకుండలేడు. ముప్పది ఏండ్లకు పైగా పిల్లల చేత పద్యాలకు భావం వ్రాయించినవాణ్ణి. మరునాడు ఆ పాట పూర్తి పాఠం తెప్పించుకొని, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని చదివాను. గూఢార్థముల కొఱకు ప్రసిద్ధికెక్కిన మరికొన్ని పాటల కథలు కూడా మనుమరాలి వలన విని, దొరికినంత మేరకు చదివాను. చదివిన తరువాత నాకు తోచిన దానిని సహృదయుల ముందు ఉంచుతున్నాను.

ముందుగా మన ఆలంకారికులు ఏమన్నారో రెండు మాటలు. శబ్దానికి మూడు శక్తులు: అభిధ, లక్షణ, వ్యంజన. ఉన్న మాటకు ఉన్న అర్థం చెప్పేది అభిధ. 'గంగలో గొల్లపల్లె' అన్నప్పుడు ప్రవాహంలో పల్లె ఉండజాలదు కనుక, గంగ ఒడ్డున అని గ్రహింపజేసేది లక్షణ. లక్షణకు పోవలెనంటే ముఖ్యార్థానికి బాధ కలగాలి, అనగా ఉన్న అర్థం పొసగకపోవాలి. ముఖ్యార్థంతో సంబంధం ఉండాలి. రూఢి గాని ప్రయోజనం గాని ఉండాలి. ఊరకే పోరాదు.

వ్యంజన వీటికంటే సూక్ష్మమైనది. హాలుని గాథాసప్తశతిలో గోదావరీ తీరపు గాథ ఒకటి ఆలంకారికులందరికీ ప్రియమైన ఉదాహరణ. నదీతీరపు పొదలవైపు పూలకు వచ్చే ఒక ధార్మికునితో ఒక స్త్రీ, మిమ్ము బెదరించే కుక్కను సింహం చంపివేసింది, ఇక నిశ్చింతగా తిరగండి అంటుంది. పైకి అది అనుమతి. లోన నిషేధం. కుక్కకే జడిసేవాడు సింహమున్న చోటికి వస్తాడా? ఆ పొదలు ఆమెకు సంకేతస్థలం, ఆయన రాకుండుటే ఆమెకు కావలసినది. ఇక్కడ గూఢార్థం ఎక్కడినుంచి వచ్చింది? కుక్క, సింహం అనే వాచ్యార్థం నుంచే. ఆ రెండు మాటలూ సరిగా విననివానికి ఆ ధ్వని అందదు. 9వ శతాబ్దిలో కాశ్మీరంలో ధ్వన్యాలోకం రచించిన ఆనందవర్ధనుడు దీనికి చక్కని పోలిక చెప్పాడు: వెలుగు కావలసినవాడు దీపశిఖను జాగ్రత్తగా చూచుకొన్నట్లే, వ్యంగ్యార్థం కావలసినవాడు వాచ్యార్థాన్ని ఆదరించాలి. దీపాన్ని ఆర్పి వెలుగు కొఱకు వెదకరాదు.

ఈ కొలబద్దతో పాటల దగ్గరకు వద్దాం.

మొదటిది 'పఫ్ ద మ్యాజిక్ డ్రాగన్'. 1959లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న లెనార్డ్ లిప్టన్ వ్రాసిన పద్యాన్ని ఆధారంగా చేసుకొని పీటర్ యారో పాటగా మలచగా, పీటర్, పాల్ అండ్ మేరీ బృందం 1963లో విడుదల చేసింది. సముద్రతీరాన ఉండే ఒక మాయా డ్రాగన్‌కు జాకీ పేపర్ అనే బాలునితో స్నేహం. డ్రాగన్‌కు వయస్సు పెరగదు, బాలునికి పెరుగుతుంది. ఒకనాడు బాలుడు రావడం మానివేస్తాడు. డ్రాగన్ దిగులుపడి తన గుహలోనికి పోతుంది. ఇంతే కథ.

ఏడాది తిరిగేసరికి ఇది గంజాయి పాట అన్నారు. 'పఫ్' అంటే పొగ పీల్చడమట. 'పేపర్' అంటే గంజాయి చుట్టుకొనే కాగితమట. కర్తలిద్దరూ కాదు కాదని జీవితాంతం చెబుతూనే వచ్చారు. లిప్టన్ 2022లో, యారో 2025లో కన్నుమూశారు. ప్రవాదం మాత్రం చావలేదు.

నన్నడిగితే కర్తలు కాదన్నారు కనుక కాదనడం బలహీనమైన వాదన. పాటనే సాక్ష్యమడగాలి. ముఖ్యార్థానికి బాధ ఎక్కడ కలిగింది? ఎక్కడా లేదు. బాల్యం పోవడమనే దుఃఖం ఆ కథలో నిండుగా ఉన్నది. మీమాంసకులు తాత్పర్యనిర్ణయానికి ఆరు గుర్తులు చెబుతూ ఉపక్రమోపసంహారాలను మొదట పెట్టారు. మొదలూ తుదీ ఏకమై ఒకే అర్థాన్ని చెప్పాలి. గంజాయి అర్థం రెండు పేర్ల దగ్గర పుట్టి, బాలుడు పెద్దవాడై రావడం మానినచోట ఏమీ చెప్పలేక నీరుగారిపోతుంది. తుదివరకూ నడవలేని అర్థం అర్థం కాదు.

పేర్లను పట్టుకొని లాగితే ఏ పాటయినా లొంగుతుంది. చందమామను పిలిచే మన జోలపాట తీసుకోండి. చంద్రునికి సోముడని పేరు. సోమమనగా మత్తెక్కించే రసం. ఆ పాటలో గోగుపూలు కూడా ఉన్నవి. గోగుకు వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు హిబిస్కస్ కెన్నాబినస్, గంజాయికి పెట్టిన పేరు కెన్నాబిస్! ఇంకేమున్నది, తెలుగు తల్లులందరూ తరతరాలుగా చంటిబిడ్డలకు మత్తుపదార్థాల పాట పాడుతున్నారని ఒక్క పూటలో నిరూపించవచ్చు. ఒక్క తప్పు శ్లేష లేకుండా నిరూపించవచ్చు. అయినా అది శుద్ధ అబద్ధం. ఆకు గంజాయి ఆకును పోలి ఉండుట చేత గోగుకు ఆ పేరు వచ్చింది తప్ప, ఆ తల్లులకు గంజాయితో సంబంధమేమి?

రెండవ కథ ఉపాధ్యాయుడనైన నాకు సూటిగా తగిలింది. 1967లో బీటిల్స్ బృందంలోని జాన్ లెనన్‌కు, తాను చదువుకొన్న లివర్‌పూల్‌లోని క్వారీ బ్యాంక్ పాఠశాల నుంచి ఒక విద్యార్థి ఉత్తరం వ్రాశాడు. తమ ఉపాధ్యాయుడు తరగతిలో బీటిల్స్ పాటలకు అర్థవివరణ చేయిస్తున్నారని ఆ ఉత్తరంలోని సంగతి. లెనన్‌కు నవ్వు వచ్చింది. అప్పుడు వ్రాస్తున్న 'ఐ యామ్ ద వాల్రస్' పాటలో కావాలనే పొంతన లేని మాటలు గుప్పించి, దీనికి అర్థం చెప్పుకోండి చూద్దాం అన్నాడు. దండి కావ్యాదర్శంలో 16 విధాల ప్రహేళికలను చెప్పి, గోష్ఠీవినోదాలలో వాటికి ఉపయోగమున్నదన్నాడు. కాని ప్రహేళికకు విప్పు ఉంటుంది. లెనన్ విప్పు లేని ముడి వేసి ఇచ్చాడు. జనం నేటికీ విప్పుతూనే ఉన్నారు.

వినోదంగా ఉన్నంతవరకు బాధ లేదు. మూడవ కథ వినోదం కాదు. అదే బృందం 1968లో 'హెల్టర్ స్కెల్టర్' అనే పాట విడుదల చేసింది. ఇంగ్లండు తిరునాళ్లలో బురుజు చుట్టూ మెలికలు తిరిగే ఎత్తయిన జారుడుబల్ల ఉంటుంది. ఆ మాటకు అర్థం అదే. కాలిఫోర్నియాలో తన చుట్టూ శిష్యులను పోగుచేసుకొన్న చార్లెస్ మాన్సన్‌కు అందులో నల్లవారికీ తెల్లవారికీ రానున్న మహాయుద్ధపు రహస్యసందేశం వినబడిందని విచారణలో ప్రభుత్వ న్యాయవాది వాదించారు. 1969 ఆగస్టులో రెండు రాత్రులలో అతని అనుచరులు ఏడుగురిని చంపారు. చనిపోయినవారిలో నిండు చూలాలు ఒకామె. ఒక ఇంట శీతలపేటిక తలుపు మీద ఆ పాట పేరు నెత్తుటితో వ్రాసి ఉన్నది, అదీ అక్షరదోషంతో.

పాట చంపిందని నేననను. చంపదలచినవానికి ఏ పాటయినా ఒకటే. కాని వాచ్యార్థాన్ని త్రోసివేసి గూఢార్థం వెదకే బుద్ధికి అంతమెక్కడో ఈ ఉదంతం చూపుతుంది. జారుడుబల్ల అన్న కోశార్థం దగ్గర ఆగినవానికి ఆ పాటలో యుద్ధం వినబడదు.

అయితే కవి ఉద్దేశించినదే అర్థమా, అంతకు మించి ఉండరాదా అని సహృదయులు అడుగవచ్చు. ఉండవచ్చును. లెనన్ తన వాల్రస్‌ను లూయిస్ కారల్ 1871 నాటి పుస్తకంలోని కవిత నుంచి తెచ్చుకొన్నాడు. ఆ కవితలో వాల్రస్ దుష్టపాత్ర అని చాలాకాలానికి గాని తనకు తట్టలేదని 1980లో చెప్పుకొన్నాడు. కవికి తెలియని సంగతి కవితలో ఉండవచ్చుననడానికి ఇదే సాక్ష్యం. కాని అది కవితలో ఉండాలి. మన తలలో ఉంటే చాలదు.

ఇక వివాహవేదిక మీది పాటకు వస్తాను. దాని పేరు 'ఎవ్రీ బ్రెత్ యూ టేక్'. పోలీస్ అనే బృందానికి స్టింగ్ వ్రాసినది. 1983లో విడుదలై అమెరికాలో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. మనుమరాలు చెప్పిన దాగిన అర్థం కొఱకు వెదకాను. కనబడలేదు. కనబడినది వాచ్యార్థమే! వక్త ఎదుటి మనిషి ఊపిరి మొదలు అడుగు వరకు ఒక్కొక్క చర్యనూ లెక్కపెట్టి, అన్నిటినీ తాను కనిపెట్టి చూస్తుంటానంటాడు. ఆమె తన సొత్తని అంటాడు. ఇందులో ఎదుటి మనిషి ఇష్టానికి ఒక్క మాట చోటు లేదు. ఆమె సుఖంగా ఉన్నదా అన్న ప్రశ్న లేదు. ఇది ప్రేమికుని మాట వలె కాక కావలివాని మాట వలె ఉన్నది. నిఘా, అధికారం తన మనస్సులో ఉన్నవని, అది దుష్టభావం గల పాట అని స్టింగే పలుమార్లు చెప్పాడు. చెప్పకపోయినా పాట చెబుతున్నది. అయినను నలుబది ఏండ్లుగా జనం దానిని పెళ్లిళ్లలో పెట్టుకొంటున్నారు.

కారణమేమి? స్వరం మాటను కప్పివేసింది. గిటారు లాలిస్తుంటే పల్లవి తప్ప మరొకటి మనకు పట్టదు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1984 నాటి 'బార్న్ ఇన్ ద యూఎస్ఏ'కూ ఇదే గతి పట్టింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చి బ్రతుకుతెరువు లేక అలమటించే సైనికుని గోడు చరణాలలో ఉన్నది. జనం పల్లవి పట్టుకొని దేశభక్తిగీతమన్నారు. ఆ సెప్టెంబరులో అధ్యక్షుడు రీగన్ న్యూజెర్సీ ఎన్నికల సభలో స్ప్రింగ్‌స్టీన్ పాటలలో ఆశాసందేశమున్నదని మెచ్చుకొన్నాడు.

కావున నా అభిప్రాయం ఇది. పాటలలో మనం వెదకే గూఢార్థం తరచుగా ఉండదు. ఎదుట ఉన్న వాచ్యార్థమే మనకు గూఢమై పోతున్నది. పేర్లకు తాళపుచెవులు వెదకే పాండిత్యంలో నూరవ వంతు చరణాలను వినడానికి వెచ్చించినా చాలు.

ఇది ఆంగ్లగీతాల సంగతి మాత్రమే అయితే ఇంత వ్రాయకపోదును. మన చలనచిత్రాలలో కథానాయకుడు కాదన్న పిల్ల వెంటబడి, బస్సు దగ్గర, కళాశాల దగ్గర కాపువేసి పాడే యుగళగీతాలు ఎన్ని లేవు? దశాబ్దాలుగా వాటిని ఇంటిల్లిపాదీ కూర్చుండి విన్నాము. నేనూ కూనిరాగం తీశాను. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద ఆమ్లదాడి జరిగి ఒక బిడ్డ ప్రాణం పోయింది. కాదన్నందుకు జరిగిన ఘోరమది. 2013లో భారత శిక్షాస్మృతికి చేర్చిన 354డి సెక్షను, ఇష్టం లేని స్త్రీ వెంటబడడం నేరమన్నది. 2024 జులై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయసంహితలో అదే 78వ సెక్షను. చట్టం వాచ్యార్థం గ్రహించింది. పాట వినే మనం ఇంకా గ్రహించలేదు.

విందు నుంచి ఇంటికి వస్తూ మనుమరాలిని, "అంత ఖచ్చితంగా ఎలా చెప్పావమ్మా?" అని అడిగాను. "రోజూ బస్సు దిగగానే ఒకడు మా స్నేహితురాలి వెనకే ఇంటిదాకా నడిచేవాడు తాతయ్యా. ఆ పాట వింటే వాడే గుర్తుకొస్తాడు" అన్నది. ఆ బిడ్డకు అలంకారశాస్త్రం తెలియదు. పాట మాత్రం సరిగా విన్నది.

ఒక తప్పు ఒప్పుకొని ముగిస్తాను. చాలా ఏండ్ల క్రితం పదవ తరగతి పరీక్షలో ఒక చాటుపద్యం ఇచ్చి కవిహృదయం వ్రాయమన్నాను. పేదకవి అన్నం అడిగే పద్యమది. ఆకలి అనగా జ్ఞానతృష్ణ అని, అన్నమనగా భగవదనుగ్రహమని తరగతిలో నేను చెప్పిన వ్యాఖ్యను అందరూ వల్లెవేశారు. ఒక బాలుడు మాత్రం, "కవికి ఆకలి వేసింది. అన్నం అడిగాడు" అని రెండు వాక్యాలు వ్రాశాడు. సున్న వేశాను. ఆ బాలుడు మధ్యాహ్నం పూట కుళాయి నీళ్లు త్రాగి తరగతికి వచ్చేవాడని తరువాత ఎవరో చెప్పగా తెలిసింది.

ఆ తరగతిలో ఆ పద్యం చదివినది అతడొక్కడే.