మన సొమ్ము, వాళ్ళ రహస్యం

మాది సిద్దిపేట జిల్లా ధూళిమిట్ట. మాలాంటి ఊళ్ళలో చెరువు మట్టి తీసిన కూలీకి ఎన్ని రోజుల డబ్బు పడిందో గ్రామసభ తనిఖీ చెయ్యాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్లో రాశారు. మంచిదే. మరి హైదరాబాద్‌లో కార్ల పందేనికీ, అందాల పోటీకీ ఆ తనిఖీ ఏదండీ?

ఫార్ములా-ఈ సంగతి చూడండి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున మొదటి రేసు జరిగింది. రెండో రేసు కోసం అదే అక్టోబర్లో హెచ్‌ఎండీఏ నుంచి దాదాపు 46 కోట్లు విదేశీ కంపెనీకి వెళ్ళాయి. 2024లో రేసే జరగలేదు! ఆ డిసెంబర్లో ఏసీబీ కేసు పెట్టింది. తప్పెవరిదో కోర్టు తేలుస్తుంది, అది నా పని కాదు. కానీ ఆ చెల్లింపు సంగతి జనానికి తెలిసింది ప్రభుత్వం మారాకే.

పోనీ, మారిన ప్రభుత్వం? 2025 మేలో మిస్ వరల్డ్ పెట్టింది. మొత్తం ఖర్చు 54 కోట్లు, అందులో సర్కారు వాటా 27 కోట్లు అని విలేకరులకి చెప్పారు. నోటితో చెప్పిన అంకె వేరు, సంతకం పెట్టిన కాగితం వేరు. పోటీ ఆగిపోతే నష్టం ఎవరిదో ఆ కాగితంలోనే ఉంటుంది.

సమాచార హక్కు ఉంది కదా అంటారా? 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా రాష్ట్ర సమాచార కమిషన్లో అప్పీలు వినే కమిషనర్ ఒక్కరూ లేరు.

ఇక "వాణిజ్య గోప్యత" అనే మంత్రం. చట్టంలో 8(1)(డి) ఉన్నది కంపెనీల వ్యాపార రహస్యాల కోసం. అక్కడ కూడా ప్రజాప్రయోజనం పెద్దదైతే ఇచ్చెయ్యమనే ఉంది. 4వ సెక్షన్ అయితే బడ్జెట్లూ, చెల్లింపులూ అడక్కముందే బయట పెట్టమంటుంది.

మనమందరం ఎన్డీఏల మీద సంతకాలు పెట్టినవాళ్ళమే (రాజకీయ కూటమి కాదు మహాప్రభో!). క్లయింట్ కోడ్ బయటవాళ్ళకి చూపించం. కానీ గోప్యత పేరు చెప్పి క్లయింట్‌కే ఇన్‌వాయిస్ చూపించకుండా దాచే కంపెనీ ఎక్కడైనా ఉందా? ఇక్కడ డబ్బు కట్టే క్లయింట్ మనమే.

పర్యాటకం పెరుగుతుందంటారు. పెరగనివ్వండి, సంతోషమే. సంతకం పెట్టిన రోజే ఒప్పందం వెబ్‌సైట్లో పెట్టండి. కార్యక్రమం అయ్యాక ఎంత ఖర్చయిందో, ఎంత తిరిగొచ్చిందో కూడా అక్కడే పెట్టండి. కూలీ లెక్క ఊరందరి ముందూ పెట్టగలిగినప్పుడు కోట్ల లెక్కకి సిగ్గెందుకు?

ఏమంటారు?